తలుపు మీది లెక్క

ఐస్ ఫ్యాక్టరీ మూతపడిన మూడో వారం
చమురు కంపెనీ వాళ్ళే నాకు పనిచ్చారు.
కొకొడ్రీ బింగో హాలులో మడత బల్ల, ఒక ఫ్యాను,
గోడకి ఇంకా వేలాడుతున్న అంకెల బోర్డు,
దాని కింద నేను.
గంటకింతని జీతం,
పుట్టినప్పటి నుంచీ ఎరిగిన వాళ్ళని
"రుజువుందా?" అని అడగడానికి.

ఈ ఊళ్ళో ఎవరికుంటాయి రశీదులు?
రొయ్య రేవుకొస్తుంది, నోటు చేతికొస్తుంది,
నోటు డీజిలవుతుంది, డీజిలు మళ్ళీ రొయ్యవుతుంది.
అయినా అడిగాను.
తుయెన్ అట్టపెట్టె నిండా బ్యాటరీ బిల్లులు తెచ్చింది,
ఫోన్లో దుబాసీ దగ్గుతూనే ఉన్నాడు.
స్లావ్‌కో ముసలాయన ఆలిచిప్పల మడికి పట్టా తెచ్చాడు.
ఆ మడి నీళ్ళ కింద ఎక్కడుందో
నాకు తెలుసు, నా మ్యాపుకి తెలీదు.

మంగళవారం మధ్యాహ్నం
ఒడీల్ డార్డార్ ట్రక్కు వెనక
తలుపు వేసుకుని వచ్చింది.
వంటింటి సామాన్ల గది తలుపు.
బందులు ఇంకా దానికే ఉన్నాయి.
తనూ మనవడూ చెరో కొసా పట్టి
నా బల్లకి ఆనించారు.
"చదువుకో" అంది.

పెన్సిలు గీతలు.
ముప్పై ఎనిమిదేళ్ళ మే నెలలు, ఆగస్టులు.
పెట్టెకో గీత, అయిదోది అడ్డంగా.
తుపాను ఏడు గీతల్లేవు,
మోకాలెత్తున బురద మరక ఉంది.
యులీస్ పోయిన వారం ఒక సున్నా,
దాని పక్కన మళ్ళీ గీతలు,
ఈసారి కాస్త వణుకుతూ, ఆమెవి.

అంచు వెంబడి పిల్లల ఎత్తులు.
నోయెలీ ఆరేళ్ళకి, నోయెలీ ఏడేళ్ళకి,
మధ్యలో ఒకచోట, నా పేరు.
ఏ వానరాత్రో వాళ్ళింట్లో ఆగిపోతే
నన్నూ నిలబెట్టి గీసింది కాబోలు.
నాకు గుర్తులేదు.

ఫారంలో తలుపుకి గడి లేదు.
'ఇతరములు' అని ఒకటుంది, మూడంగుళాలు.
జిరాక్సు మిషను మీద తలుపు పట్టదు.
సూపర్‌వైజరుని అడుగుదామని లేచి
నీళ్ళు నమిలి మళ్ళీ కూర్చున్నాను.
నమలదగ్గ నీళ్ళు కూడా కావు ఈ మధ్య ఇక్కడివి.

కిటికీలోంచి రేవు కనిపిస్తోంది.
ఆమె అల్లుడు వల చుట్టి పక్కన పడేసి
అదే పడవతో నారింజరంగు అడ్డుకట్టలు లాగుతున్నాడు.
రోజుకూలీ. రొయ్యకన్నా నయం అంటాడు, పగలు.
రాత్రి గిన్నెల సబ్బుతో చేతులు తోముకుంటాడు,
పక్షుల్ని కడిగే సబ్బే.
పక్షికి కొంత వదులుతుందట,
గోళ్ళకి వదలదు.
తెట్టు మీద ఎండ పడితే
ఎన్ని రంగులో.
చూడ్డానికి బావుంటుంది, అదే సిగ్గు.

"నువ్వు రాయి, నేను చెప్తా" అంది ఒడీల్.
దీపాలు వెలిగే దాకా చెప్పింది.
ఈ గీతకి ఏ గాలి, ఆ గీతకి ఎంత రేటు,
ఏ పెట్టెలో సగం ఎవరింటి చావుకి పంపిందీ.
మూడంగుళాలు దాటి ఫారం వెనక్కి,
ఇంకో ఫారం వెనక్కి రాశాను.
సాక్షి సంతకం దగ్గర చెయ్యి ఆగింది.
కంపెనీ మనిషి సాక్షి కాకూడదని నిబంధన.
కొంచెంసేపు ఫ్యాను చప్పుడు విన్నాను.
తర్వాత అచ్చం ఆఫీసు భాషలో రాశాను:
'సాక్షి కొరకు తలుపు అంచున,
మూడడుగుల పదంగుళాల వద్ద చూడుడు.'

డబ్బు వచ్చిందా అని అడక్కండి.
ఆ ఫారం ఏ ఊరి ఏ బల్ల మీదుందో.
వెళ్తూ వెళ్తూ ఒడీల్
కంపెనీ పెన్సిలొకటి చెవి మీద పెట్టుకుంది,
అడగలేదు, నేనూ అనలేదు.
తలుపు మళ్ళీ బిగించారని విన్నాను.
ఈ ఏటికి ఏం గీయాలో
ఇంకా తేల్చుకోలేదట.